పళ్ళాయన ఇంటి తరగతి

ఇళ్ళు కొలిచి, కొలతను బట్టి వాటికి తరగతి కట్టడం నా ఉద్యోగం. ఆ తరగతిని బట్టే ఇంటి పన్ను. అందుకే నేను గుమ్మంలో కనబడితే జనానికి మొహం మాడిపోతుంది. ఇన్నేళ్ళ సర్వీసులో నవ్వుతూ ఎదురొచ్చినవాడు ఒక్కడే. కట్టుడు పళ్ళు చేసే ముసలాయన. వీధి వీధంతా ఆయన్ని పళ్ళాయన అంటుంది.

"రండి సార్, రండి. మీదీ పన్ను పనే, నాదీ పన్ను పనే. మీరు వేస్తారు, నేను కడతాను," అన్నాడు.

నవ్వాను. కుర్చీ దుమ్ము దులిపి వేస్తూ మళ్ళీ అదే మాట అన్నాడు. మళ్ళీ నవ్వాను. చెప్పడానికి మనిషి దొరక్క ఆ ముక్కను ఎన్నాళ్ళుగా దాచుకున్నాడో పాపం.

ముందుగదే ఆయన పనిగది. బల్ల మీద మైనం, స్పిరిటు దీపం, తెల్లటి ప్లాస్టర్ అచ్చులు, అచ్చులు పగలగొట్టే చిన్న సుత్తి. గోడ అలమరలో పళ్ళ సెట్లు వరసగా నవ్వుతున్నాయి. చేయించుకున్నవాళ్ళు తీసుకెళ్ళకుండానే పోయారట. "వీళ్ళతోనే సార్ నా కబుర్లు. ఎదురు చెప్పరు," అన్నాడు. జోక్ అనుకుని ఆయన మొహంలోకి చూశాను. కాదు.

ఇక అసలు సంగతి. తన ఇంటి తరగతి తప్పుగా కట్టారనీ, వచ్చి సరిచూడమనీ ఆయనే మా ఆఫీసుకొచ్చి అడిగిపోయాడు.

"నాది రెండు గదులూ ఒక వంటిల్లూ. ఉండేది నేనొక్కణ్ణి. దీనికి మూడో తరగతి ఏంటి సార్? మేడలకి కదా అది."

"తరగతి ఇంటికండీ, ఇంట్లో మనుషులకి కాదు. మా లెక్కలో మీదీ పక్కదీ కలిపి ఒకటే ఇల్లు. అంత పెద్దింటికి మూడో తరగతే వస్తుంది. రెండిళ్ళని తేలితే చెరొకటీ అయిదో తరగతికి దిగుతుంది."

"పక్కది మా తమ్ముడిది. ఎప్పుడో వేరుపడ్డాం."

"ఆ సంగతి మా ఆఫీసుకి ఎవరూ చెప్పలేదు."

అన్నదమ్ములిద్దరూ ఒకప్పుడు ఇదే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని పని చేసేవాళ్ళు. పళ్ళ రంగు దగ్గర చెడింది. ముసలి నోటికి కాస్త పసుపు తిరిగిన పళ్ళే నప్పుతాయని పళ్ళాయన పట్టు. అడిగినవాడికి అడిగిన తెలుపు ఇస్తే మన సొమ్మేం పోయిందని తమ్ముడు. ఒక పెద్దమనిషికి తమ్ముడు పాలలాంటి సెట్టు కట్టి పంపాడు. "పింగాణీ కొట్టు పెట్టుకో," అన్నాడు అన్న. మాటకి మాట పెరిగింది. ఇంతోటి దానికి జీవితాంతం మాటల్లేకుండా పోతాయా అంటే, పోతాయి. నేను ఊరంతా తిరిగేవాణ్ణి, ఇంతకంటే చిన్న వాటికి విడిపోయిన ఇళ్ళు చూశాను.

తమ్ముడు నిరుడు పోయాడు. బతికున్నన్నాళ్ళూ పన్నులో తన సగం ఎవరో ఒకరి చేత పంపేవాడు. ఇప్పుడు మరదలిని అడగడానికి పళ్ళాయనకి నోరు రాదు. ఆయన కళ్ళు మసకబారాయి, పని తగ్గింది. తరగతి దిగకపోతే ఈ ముందుగది అద్దెకిచ్చి, వెనక చీకటిగదిలోకి బల్ల లాక్కోవాలి. అక్కడ పనైతే సాగదు, వచ్చేపోయే మనుషుల మొహాలు కూడా కనబడవు.

"అదొక్కటే కాదు సార్," అన్నాడు. "వాడికీ నాకూ సంబంధం లేదని అందరికీ తెలుసు. మీ లెక్కలో కూడా ఉండాలి కదా."

మా రూలు పెద్దదేం కాదు. వీధి తలుపులు వేరుగా ఉండాలి, వంటిళ్ళు వేరుగా ఉండాలి. మధ్యలో తలుపుంటే దానికి రెండు వైపులా గడియ ఉండాలి. ఒక వైపే ఉంటే అది గది తలుపు కిందే లెక్క. కొలతలు తీసుకుంటూ వెనకగదిలోకి వెళ్ళాం. అక్కడ ఉంది ఆ తలుపు, లావుపాటి ఇనప గడియతో.

"గొడవైన రోజే నేను బిగించాను. ఆ సాయంత్రమే వాడూ అటువైపు బిగించుకున్నాడు. సుత్తి చప్పుడు నా చెవులతో విన్నాను. ఇంకేం, రాసేయండి," అన్నాడు.

చూడకుండా రాయకూడదు. వీధిలోంచి చుట్టి పక్కింటికి వెళ్ళాను. మరదలు తలుపు తీసింది. ఆవిడా ఒక్కతే. తలుపు చూపించమంటే వెనకగదిలోకి తీసుకెళ్ళింది. గడియ లేదు. ఉండాల్సిన చోట నాలుగు మేకు చిల్లులున్నాయి.

"మొదట ఉండేదండీ. గొడవైన రోజే ఆయన పీకేశారు," అంది. "అన్నయ్య కోపం తగ్గి తలుపు తోస్తే మనవైపు అడ్డం ఉండకూడదన్నారు."

తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. పళ్ళాయన ఒప్పుకోలేదు. "చప్పుడు విన్నానంటుంటే."

"విన్నది నిజమేనండి. బిగించిన చప్పుడు కాదు, పీకిన చప్పుడు."

ఆయన పక్కనున్న పెట్టె మీద కూలబడ్డాడు. తమ్ముడి అంత్యక్రియలకి వెళ్ళానన్నాడు. నలుగురితో పాటు వీధి అరుగు మీద కూర్చుని లేచి వచ్చాడట. లోపలికి వెళ్ళలేదు. నాకు ఒళ్ళు మండింది. ఒక్కసారి తోసి చూడ్డానికి ఏమొచ్చింది ఈ మనిషికి అనిపించింది. వెంటనే గుండె తరుక్కుపోయింది కూడా. రెండూ నిజమే.

ఏదో ఒకటి అనాలి కదా. "ఇప్పుడైనా పోయిందేం లేదు. వడ్రంగిని పిలిస్తే గంటలో అటువైపు గడియ బిగిస్తాడు. సోమవారం వచ్చి రెండిళ్ళని రాసేస్తాను. అయిదో తరగతి," అన్నాను.

ఆయన విన్నట్టు లేదు. లేచి పనిగదిలోకి వెళ్ళి సుత్తి తెచ్చాడు. గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నేను పట్టబోతే వద్దన్నాడు. కొట్టి కొట్టి వెనక్కి లాగాడు. అరచేత్తో ఆనించాడో లేదో, తలుపు తెరుచుకుపోయింది.

అటుపక్క మరదలు నిలబడి ఉంది. ఆవిడకేం తోచిందో, ఇంటికి ఎవరైనా వచ్చి భర్త ఉన్నాడా అని అడిగితే చెప్పే మాటే చెప్పింది.

"ఆయన లేరు బావగారూ."

"తెలుసమ్మా," అన్నాడు పళ్ళాయన. గడప ఇవతలే నిలబడి, నావైపు తిరగకుండానే అన్నాడు. "ఒకటే ఇల్లు సార్. అలాగే ఉంచండి."

మూడో తరగతి అని రాసుకుని వచ్చేశాను.