తమూ కోసం రాసిన అనుమతి

ఫెజ్ పట్నం నుంచి సెఫ్రూ ఊరికి పోయే టాక్సీలో నన్ను కిటికీకి అదిమేసి కూర్చున్న ఇద్దెర్, ఒక రేడియో సంస్థ పాత పాటలు దాచుకున్న క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్‌లోని గిడ్డంగికి, కాపలాదారు. ఎవరు ఏది వినవచ్చో అతనే కోడ్‌లో రాస్తాడు. రోజూ ఉదయం ఆ కోడ్ నడిచి, తనలో లేని అనుమతులన్నీ తీసేస్తుంది. ఎన్నో కోటల కథలు చదివాను గానీ ఇంత కట్టుదిట్టం ఎక్కడా చూడలేదు.

దారిలో అతను చెప్పిన సంగతి ఇది: సెఫ్రూలో ఉండే ముసలి గాయని తమూ, పోయిన తన చెల్లెలి పాట వినాలని అడిగింది. ఇద్దెర్ జాలిపడి అప్పటికప్పుడు చేత్తోనే అనుమతి ఇచ్చేశాడు. కోడ్‌లో తర్వాత రాద్దామనుకుని మరిచాడు. మర్నాడు ఆమె ఇరుగుపొరుగును పిలిచి కూర్చోబెట్టి ఫోను నొక్కితే, ‘అనుమతి లేదు’ అని వచ్చింది.

“తప్పు మిషను మీదికి తోసెయ్యరా నాయనా!” అన్నాడు డ్రైవరు బుఅజ్జా.

“అది నేను రాసిందే చేసింది మామా. ఇప్పుడు ఆమె పేరు కోడ్‌లో రాశాను. అయినా ‘నలుగురిలో నా మొహాన తలుపేశావు, ఇక వద్దులే’ అంది.”

“అందుకా ఒళ్ళో ఆ చక్కెర దిమ్మ? రాజీకన్నమాట!”

“పుచ్చుకుంటుందంటావా?”

సెఫ్రూలో ఇద్దెర్ దిమ్మను గుండెకు హత్తుకుని దిగి, ఆమె సందులోకి నడిచిపోయాడు.