చెవి కోయని మేకపిల్ల

మా చిన్నప్పుడు మేకపిల్లలు కాస్త నిలదొక్కుకోగానే అవ్వ బ్లేడు పట్టుకుని దొడ్డిలోకి వచ్చేది... పసుపు చిప్ప నా చేతిలో ఉండేది. పిల్ల ఎడమ చెవి కొనకు చిన్న గాటు పెట్టి, దాని మీద పసుపు అద్దేది. ఆ గాటే మా ఇంటి గుర్తు. అడవిలో ఎన్ని మందలు కలిసిపోయినా చెవి చూసి మా మేకల్ని విడదీసుకునేవాళ్లం.

అచ్చంపేట దాటాక నల్లమల మొదలయ్యే చోట మా ఊరు. తెలంగాణ వచ్చిన కొత్త... నేను ఐదో తరగతి. మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనే మొదలు.

ఏటా ఒక పిల్లకు మాత్రం అవ్వ చెవి కోసేది కాదు. అది మామ వంతు. మామ అంటే చిరుతపులి... దాని పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఆ పిల్లను ఎత్తుకుపోతే ఏడవకూడదు, కట్టె పట్టుకుని వెంటపడకూడదు. గాటున్న మేకను పట్టుకుపోతే మాత్రం అవ్వ గుట్ట వైపు తిరిగి గట్టిగా అడిగేది. "నీది నీకు ఇడిసినం గద... గిదేం కక్కుర్తి మామా?"

"మామకు చెవులు చూసుడు ఎట్ల తెలుస్తదే అవ్వా?" అన్నాను ఒకసారి.

"నీకు అక్షరాలు ఎట్ల తెలుస్తున్నయో గట్లనే."

అమ్మకు ఆ పేరే నచ్చేది కాదు. "మా అన్నలను తీస్కపోయి దానితోని జమ కడ్తరా?" అనేది. బాపు నవ్వేవాడు. "మీ అన్నలు ఇంటికొచ్చి కూసోని తింటరు. గా మామ నయం, దూరం పోయి తింటడు."

ఆ ఏడు చెవి కోయకుండా వదిలింది తెల్ల నుదురు పిల్లని. నేను చుక్కి అని పిలిచేదాన్ని. బడి నుంచి రాగానే నా సంచి పట్టీ నములుతూ వెంట తిరిగేది... "అవ్వా, దీనికి కూడ కొయ్యవే" అని బతిమాలాను.

"దీనికి కోస్తే మామకు ఏం పెడ్తం? నిన్ను పెట్టాల్నా?"

అందరూ నవ్వారు. నేను చుక్కి మెడ పట్టుకుని దొడ్డిలోనే కూర్చున్నాను.

మా దొడ్డి అవతల చిన్నాయన పల్లిచేను. చిన్నాయన అంటే బాపు తమ్ముడే. అడవి పందులు కాయంతా తవ్విపోస్తున్నాయని చేను చుట్టూ కరెంటు తీగ కట్టాడు. ఒకరోజు పొద్దున్నే అరుపులు వినిపిస్తే పరుగెత్తాం... తీగ పక్కన మామ పడి ఉన్నాడు.

అన్నేళ్లు పేరు వినడమే. చూడటం అదే మొదటిసారి. చెవుల వెనక తెల్లటి మచ్చలున్నాయి. వాటి మీద అప్పటికే ఈగలు...

అమ్మ వంగి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో... ఇది ఆడది అత్తా. పాలున్నయి."

ఇన్నేళ్లు మేం మామ అని పిలిచింది ఒక తల్లిని. బాపు ఆ రోజంతా గుట్ట చుట్టూ వెతికాడు. పిల్లలు దొరకలేదు.

కేసు అవుతుందని పెద్దవాళ్లు దాన్ని చేలోనే పూడ్చిపెట్టారు. బడిలో నోరెత్తొద్దన్నారు. ఆ సాయంత్రం అవ్వ బ్లేడు తెచ్చి చుక్కిని ఒళ్లోకి లాక్కుంది.

"పసుపు పట్టుకరా బిడ్డా... ఇగ ఎవలికి ఇడిసిపెట్టాలె."

నేను కోరుకున్నదే జరిగింది. చిప్ప అవ్వ పక్కన పెట్టి, గాటు పడేటప్పుడు అటు తిరిగాను...

తర్వాతి పంటకు పందులు ఇంకా పెరిగాయి. ఒక్క చిన్నాయన చేనుకే కాదు, ప్రతి చేనుకూ తీగ వచ్చింది. తీసెయ్యమని బాపు అడిగితే చిన్నాయన తల దించుకుని అన్నాడు. "తీస్తె నాకు కాయ మిగులుతదా అన్నా? మామ ఉన్నన్ని దినాలే పందులు జర భయపడుతుండె..."

చుక్కి ఆ తీగల్లోనే ఒకదానికి తగిలి పోయింది. చెవికి గాటు ఉంది. దాన్ని చూసి ఆగడానికి తీగకు కళ్లు లేవు కదా...

ఇప్పుడు అవ్వ లేదు. మంద లేదు. బాపు హైదరాబాదులో ఒక అపార్టుమెంటుకు వాచ్‌మన్. పొద్దున్నే నేను పేపరు చదువుతుంటే పక్కన కూర్చుని వింటాడు. ఫలానా చోట ఉచ్చులో చిరుత, ఇంకోచోట కరెంటు తీగకు చిరుత... అలాంటి వార్త వచ్చిన రోజు ఒక్కటే అడుగుతాడు.

"పిల్లలున్నయంటనా బిడ్డా?"

పేపర్లో అది ఎప్పుడూ రాయరు...

మీ ఇళ్లలో కూడా అడవికోసమో, పిట్టకోసమో, దేనికోసమైనా ఇలా ఒక వంతు విడిచిపెట్టేవాళ్లా? గుర్తుంటే కింద రాయండి. ఇప్పటికీ విడిచిపెడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు తప్పకుండా రాయండి, బాపుకు చదివి వినిపిస్తాను... మా వైపు చెవి కోయని పిల్ల ఒక్కటీ లేదు.