మొదటి దోసిలి

ఈ రోజు పొద్దున నల్లా తిప్పగానే బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంది. నీళ్లు కాసేపు తెల్లగా వచ్చి, తర్వాత తేటపడ్డాయి. మా మనవడు ముక్కు మూసుకుని, "నాయినమ్మా, గా నీళ్లు తాగకు. క్యాన్ తెచ్చి పెట్టిన గద!" అని వంటింట్లోంచి అరిచాడు. వాడికి అది కంపు. నాకు మాత్రం ఆ వాసన వస్తే దరోగా సాబ్ మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డట్టే ఉంటుంది. ఆయన చేతులు ఎప్పుడూ ఫినాయిలు, సున్నం వాసన కొట్టేవి. ఆయన్ని కళ్లతో చూసినవాళ్లలో ఈ ఊళ్లో ఇంకా మిగిలింది బహుశా నేనొక్కదాన్నే. నేనూ పోతే ఆ మనిషి ఉన్నాడన్న మాటే ఉండదు కదా అని ఇది రాస్తున్నాను.

ఆయన పేరు గఫూర్. మెదక్ బల్దియాలో సఫాయి దరోగా. ఇప్పుడు మునిసిపాలిటీ అంటున్నదాన్నే నిజాం కాలంలో బల్దియా అనేవాళ్లం. మురుగు మోరీలు తీయించడం, చెత్త ఎత్తించడం, బావుల్లో మందు వేయించడం ఆయన పని. మా ఇంటి వెనక గల్లీలో ఉండేవాడు. మనిషి సన్నం, నోరు పెద్దది. ఎండైనా వానైనా నెత్తిన ఎర్ర రూమీ టోపీ ఉండాల్సిందే, దాని కుచ్చు ఎడమవైపే వేలాడాలి. చేతిలో ఒక పొడుగాటి కర్ర. ఆ కర్రతో మోరీలో పొడిచి చూసి, అడ్డం పడ్డదేదో తేలగానే ఆ ఇంటివాళ్లను ఏడు తరాలకు సరిపడా తిట్టేవాడు. మంచివాడే గానీ నోటికి మాత్రం ఏ సఫాయీ లేదు.

నన్ను కూడా తిట్టాడు. నేను పాపన్నపేట దగ్గరి పల్లె నుంచి కోడలిగా వచ్చిన కొత్త. మంజీర ఒడ్డున పెరిగినదాన్ని, పారే నీళ్లు తప్ప నిలిచే నీళ్ల సంగతి నాకు తెలియదు. ఒకరోజు బావి గద్దె మీదనే పసిబిడ్డ గుడ్డలు ఉతికి పిండుతున్నాను. రోడ్డు మీద నుంచి ఒక్క కేక.

"ఎవరామె! బాయి గద్దె మీద పిండుడేంది? గా నీళ్లు మళ్ల బాయిలకే పోతయి. పొద్దుమీకి గవ్వే తాగుతవా?"

నలుగురిలో పరువు పోయిందని ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చి అత్తమ్మకు చెప్పాను. ఆమె వెళ్లి ఆయన్ని దులిపేస్తుందనుకున్నాను. ఆమె పకపకా నవ్వి, "దరోగా తిట్టిండా? ఐతె నువ్వు గీ ఊరిదానివైనట్టే తియ్యి" అంది.

మర్నాడు ఆయనే వచ్చాడు. క్షమించమనలేదు, అది ఆయన ఒంట్లో లేదు. నేను గుడ్డలు పిండిన చోట నాతోనే ఒక చెంబెడు నీళ్లు పోయించి, జేబులోంచి బావుల్లో వేసే ఎర్రమందు చిటికెడు తీసి అందులో చల్లాడు. "ఇప్పుడు వంగి బాయిలకు చూడు" అన్నాడు. చూశాను. గద్దె పగులులోంచి సన్నటి ఎర్ర చార ఒకటి రాళ్ల మధ్య జారుతూ జారుతూ నీళ్లలో కలిసింది.

"చూస్తివా బిడ్డా? నిన్నటియి గూడ గిట్లనే పోయినయి. రంగు లేదు గాబట్టి నీ కండ్ల పడలే."

నేను బడికి పోలేదు. చదువు తర్వాత ఎప్పుడో పిల్లల పుస్తకాలతో వచ్చింది. కానీ ఆ ఎర్ర చార నాకు మొదటి పాఠం. మన ఇంటి ముందు పారబోసింది ఎవరి కడుపులోకి పోతుందో ఆలోచించే అలవాటు అప్పుడు పట్టుకున్నదే, నన్ను ఇంకా వదల్లేదు.

వానలు పడి గత్తర భయం మొదలైతే బావుల్లో ఎర్రమందు వేసేవాడు. కలరాను మేము గత్తర అంటాం, ఆ పేరెత్తితేనే ఊరు సగం చచ్చేది. సాయంత్రం వచ్చి మందు ఇస్తే, మా అత్తమ్మ బొక్కెన నీళ్లలో కలిపి బావిలో వంచేది. పొద్దున్నకు నీళ్లు లేత గులాబీ రంగులో ఉండేవి. ఆ నీళ్లంటే జనానికి జంకు. అందుకని తెల్లవారగానే ఆయన వచ్చి, టోపీ తీసి చంకన పెట్టుకుని, వంగి దోసిలి పట్టేవాడు. మా బావి తాడు ఆయన ముట్టకూడదు. అప్పటి ఆచారం అది, బాగుందని నేనెప్పుడూ అనలేదు. అత్తమ్మ తోడి పైనుంచి పోసేది. ఆయన గటగటా తాగి, మీసం తుడుచుకుని, "గులాబ్ షర్బత్ అక్కా! ఇగ తాగుండ్రి" అనేవాడు. ఆ తర్వాతే గల్లీలో బిందెలు నిండేవి. బల్దియావాడు ముందు తాగాలి, ఊరు తర్వాత తాగాలి. ఏ కాయిదంలోనూ లేని ఆ పద్ధతి ఆయన పెట్టుకున్నదే.

తర్వాత చెడ్డ రోజులు వచ్చాయి. పల్లెల్లో దొరల మీద సంఘం పోరాటం, దాన్ని అణచడానికి నిజాం తరఫున ఊళ్ల మీద పడే ఖాకీ దుస్తుల మూక. వాళ్ల అసలు పేరు పలకడానికి కూడా భయపడి, 'ఖాకీలోళ్లు' అనేవాళ్లం. చీకటి పడకముందే తలుపులు మూసేవాళ్లం. ఆ ఖాకీలోళ్లు ఒకరోజు బల్దియాకు వచ్చి చెత్త బండ్లు రెండూ కావాలన్నారు. బండ్లు, ఎడ్లు దరోగా సాబ్ చేతి కింద ఉండేవి. ఆయన ఇచ్చేశాడు.

బండ్లు చేగుంట వైపు వెళ్లి రెండో రోజు తిరిగి వచ్చాయి. మా గల్లీ మీదుగానే వచ్చాయి. మేము తలుపు సందులోంచి చూస్తున్నాం. జొన్న బస్తాలు, మంచాలు, కోళ్లు, వాటన్నిటి మీద బోర్లించిన పెద్ద ఇత్తడి గంగాళం. అత్తమ్మ నా భుజం పట్టుకుంది. ఆ గంగాళం ఆమె పుట్టింటిది. అంచు దగ్గర సొట్ట ఉంది, ఆ సొట్ట చిన్నప్పుడు తను పడేసినప్పటిదే అని చెప్పింది. ఆమె తమ్ముడు దెబ్బలతో బతికి బయటపడ్డాడని తర్వాత తెలిసింది.

దరోగా సాబ్ మర్నాడు మా వాకిలి ముందు నుంచి తలవంచుకుని పోతుంటే అత్తమ్మ ఆపింది.

"దరోగా, నీ బండ్ల మీద మా తమ్ముని గంగాళం పోయింది."

"ఆర్డర్ వచ్చిందక్కా. నేనేం చేద్దును?"

"గట్లనా? బాయిల మందు ఎయ్యమని గూడ ఆర్డరేనా? మరి నీది అనేటిది ఏముంది?"

అంత నోరున్న మనిషి ఆ రోజు కర్రతో మా మోరీని ఊరికే ఓసారి పొడిచి వెళ్లిపోయాడు. కాదంటే ఆయన్నే బండికి కట్టి ఊరేగించేవాళ్లు, అది నిజమే. ఇచ్చినందువల్ల ఊరు ఆయన్ని చూసే చూపు మారిపోయింది, అదీ నిజమే. ఈ రెండు నిజాల మధ్య ఎటు తేల్చాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పోలీస్ యాక్షన్ వచ్చింది. ఖాకీలోళ్లు రాత్రికి రాత్రే బట్టలు మార్చుకుని మాయమయ్యారు. వాళ్ల మీది కోపం తమ మీద పడుతుందని ఏ పాపం ఎరుగని ముసల్మాను కుటుంబాలు ఇళ్లల్లో వణుకుతూ కూర్చున్నాయి. దరోగా సాబ్ భార్యను, కూతురిని అత్తమ్మే పిలిపించి మా ధాన్యం గదిలో దాచింది. "బండ్ల సంగతి బండ్లది, ఆడిపిల్లల సంగతి ఆడిపిల్లలది" అంది. ఆ గదిలోకి వాళ్లకు అన్నం నేనే తీసుకుపోయాను. అలాంటి మనిషి ఆమె. ఇది ముందే చెప్తున్నాను, తర్వాత జరిగింది విని ఆమెను తప్పుపడతారేమోనని.

గొడవలు సద్దుమణిగాయో లేదో, గత్తర మొదలైంది. దిగువ బస్తీలో మనుషులు పడిపోతున్నారని కబురు. బల్దియాలో పెద్దలు ఎవరూ లేరు, ఆఫీసుకు తాళం. దరోగా సాబ్ తన ఇంట్లో మిగిలిన ఎర్రమందు తెచ్చి, ఎవరినీ పిలవకుండా, తాడూ బొక్కెనా ముట్టకుండా, పొడిమందునే సాయంత్రం మా బావిలో చల్లిపోయాడు.

తెల్లవారేసరికి బావి చుట్టూ జనం. నీళ్ల రంగు చూసి ఎవరో విషం అన్నారు. "గా బండ్లిచ్చినోడే గద ఏసింది!" అని ఇంకొకరు. ఆ మాట చాలు. అప్పుడే ఆయన వచ్చాడు. ఎప్పటిలాగే టోపీ తీసి చంకన పెట్టుకున్నాడు, వంగాడు, దోసిలి పట్టాడు.

"పొయ్యుండ్రమ్మా. ముందుగాల నేనే తాగుత."

ఎవరూ కదల్లేదు. అత్తమ్మ చేతిలో తోడిన బొక్కెన ఉంది. అది విషమని ఆమె నమ్మలేదు, నాకు తెలుసు. కానీ ఆమె కళ్లు ఆయన దోసిలిని కాకుండా ఇంకేదో చూస్తున్నాయి. సొట్ట పడ్డ ఇత్తడి అంచేదో చూస్తున్నట్టుంది. నేను ఇంటి అరుగు మీద జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని ఉన్నాను. "అత్తమ్మా, పొయ్యి" అని అక్కడి నుంచే అరిచాను. ఆమె బొక్కెనను మెల్లగా గద్దె మీద పెట్టేసింది.

ఆయన చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. బొక్కెన చేతికందే దూరంలోనే ఉంది. తనే ఎత్తుకుని తాగొచ్చు. తాగితే తాడు, బొక్కెన, బావి అన్నీ మైలపడ్డాయని జనం ఆ నీళ్లు అసలే ముట్టరు. అది ఆయనకు తెలుసు. చివరికి పొడి చేతులు షేర్వానీకి తుడుచుకుని, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. కుచ్చు ఆ రోజు కుడివైపు పడింది, సరిచేసుకోలేదు.

గల్లీ అంతా కుంట నీళ్లకు పోయింది. మేమూ పోయాం. మా బిడ్డకు జ్వరమని నేను నీళ్లు కాచి ఇచ్చేదాన్ని, అదీ దరోగా సాబ్ నేర్పిందే. అత్తమ్మకు వేడినీళ్లు పడవు. నాలుగైదు రోజుల్లో ఆమెకు వాంతులు పట్టుకున్నాయి. గత్తర ఇంటికి చుట్టాలు కూడా రారు. పిలవకుండా వచ్చింది ఆయనొక్కడే. వాకిట్లో సున్నం చల్లాడు. ఉప్పునీళ్లు నాతో కలిపించి, తనే చెంచాతో ఆమె నోట్లో పోశాడు. ఆయన చేతి నీళ్లు ఆమె తాగింది. అప్పటికి తాడూ లేదు, మైలా లేదు.

"దరోగా, గా పొద్దు నేను పొయ్యకపోతి" అంది అత్తమ్మ, గొంతు పీక్కుపోయి.

"నువ్వు పొయ్యలేదని కాదక్కా. నేనే పోగొట్టుకున్న. బండ్లిచ్చిన్నాడే పోగొట్టుకున్న."

ఆ సాయంత్రం ఆమె పోయింది. మా గల్లీలోనే ఇంకా కొందరు పోయారు. మా బావి నీళ్లు అప్పటికే తేటపడి, ఎవరూ తోడక అంచు దాకా నిండుగా ఉన్నాయి.

తర్వాత కొత్త కమిటీ వచ్చింది. పాత సర్కారు మనుషులను తీసేశారు, ఆయన్నీ తీసేశారు. హైదరాబాద్‌లో చుట్టాల దగ్గరికి పోతున్నారని తెలిసి, చెంబుతో నీళ్లు తీసుకుని పరుగెత్తాను. ట్రంకు పెట్టెలు బండెక్కి ఉన్నాయి. చెంబు ముందుకు చాచాను. ఆయన నా మొహం చూసి అర్థం చేసుకున్నాడు.

"ముందుగాల తాగితె డ్యూటీ బిడ్డా. అందరైనంక తాగితె ఉత్త దూపనే" అన్నాడు. దూప అంటే మా వైపు దాహం. టోపీ తీసి చంకన పెట్టుకున్నాడు. "దూపైతుంది. పొయ్యి" అని వంగి దోసిలి పట్టాడు. చెంబు అయ్యేదాకా పోశాను. ఆయన గులాబ్ షర్బత్ అనలేదు. బండి కదిలింది. ఆయన తర్వాత ఎక్కడున్నాడో, ఎప్పుడు పోయాడో నాకు తెలియదు.

చాలా ఏళ్లకు నేను మా వార్డు కౌన్సిలర్‌నయ్యాను. సభలో కుర్చీ మీద కూర్చుంటే మొదట గుర్తొచ్చింది ఆ ఎర్ర చారే. ఎండాకాలం బస్తీకి పోవాల్సిన నీళ్ల ట్యాంకర్ ఒక పెద్దమనిషి ఇంటి పెళ్లికి పంపాలన్నారు. క్లర్కు చేతులు నలుపుకుంటూ, "పైనుంచి ఆర్డర్ అమ్మా" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. ట్యాంకర్ ముందు నిలబడి, "నన్ను తొక్కిచ్చి తీస్కపోండ్రి" అన్నాను. పోలేదు. మళ్లీ ఎన్నికల్లో నాకు టికెట్టూ రాలేదు. నా తలమీద తుపాకీ లేదు, ఆయన తలమీద ఉండింది. అందుకే నా ధైర్యం గురించి నేను గొప్పలు చెప్పుకోను. ఆ రోజు ఆయనకు తోడుగా బల్దియాలో ఇంకొక్కడు నిలబడి కాదని ఉంటే ఏమయ్యేదో అని మాత్రం అనుకుంటాను. అత్తమ్మ బతికేదేమో. అనుకుని ఏం లాభం?

కౌన్సిలర్‌గా ఉన్నన్నాళ్లూ ఏ గల్లీకి కొత్త నల్లా వచ్చినా, కొబ్బరికాయ కొట్టాక మొదటి దోసిలి నేనే పట్టి తాగేదాన్ని. జనం నవ్వేవాళ్లు, తర్వాత బిందెలు పెట్టేవాళ్లు. ఇప్పుడు కౌన్సిలర్ల ఇళ్లల్లో కూడా క్యాన్లే. మునిసిపాలిటీ నీళ్లు మునిసిపాలిటీవాళ్లే తాగరు.

ఈ రోజు కూడా మనవడి మాట వినలేదు. నల్లా కింద దోసిలి పట్టి తాగాను. తాగి, తల ఎత్తి చూశాను. నా వెనక బిందె పట్టుకుని ఎవరూ లేరు. నాదీ ఇప్పుడు ఉత్త దూపే.