బొంత మీద తేలిన చెయ్యి

పొద్దున ప్రార్థన ముగించుకుని, తమ్ముడి మనవడికని అమ్మ పాత తెల్లచీరలతో నేనూ చెల్లీ కుట్టిన బొంతను సబ్బునీళ్లలో జాడించాను. కుట్టు వంకర పోకుండా చెల్లి నీలం సుద్దతో గీసిన గీతలు పోవాలని. దులిపి, తీగ మీద ఆరేశాను.

ఎండ ఎక్కేసరికి సుద్ద జాడ లేదు. బొంత మధ్యలో మాత్రం గోధుమరంగు అరచెయ్యి తేలింది. గీతలు గీస్తూ చెల్లి గుడ్డను అదిమిపట్టిన చోటు అది. పలాసలో జీడిపిక్కలు కొట్టే పని తనది. పిక్కల నూనె మరక ఏ సబ్బుకూ పోదు.

సరే అనుకుని దగ్గరగా చూశాను. ఆ ముద్రలో ఒక్క రేఖ కూడా లేదు. చెల్లిని కేకేశాను.

“ఏదే, సెయ్యి సూపించు.”

“ఏటీ నేదప్పా. బొంత పాడుసేసినానని కొడతావేటి?”

బలవంతంగా తిప్పి చూశాను. అరచెయ్యి పిక్కల నూనెకు కాలి నున్నబడిపోయింది, వేళ్ల కొసలు పగిలి ఉన్నాయి.

“ఎన్నాళ్లనుంచే?”

“రేసను మిసను నా ఏలు పట్టడం మానేసి శానా నాళ్లయిందప్పా. మా ఆయన ఏలెడతన్నాడు.”

రోజూ ఆ చేత్తోనే ఈ అక్కకి టీ ఇస్తుంది. టీ బాగుందో లేదో చెప్పాను గానీ చెయ్యి చూడలేదు. మీ ఇంట్లోవాళ్ల అరచేతులు మీరెప్పుడు చూశారో చెప్పండి.

సాయంత్రం తమ్ముడు వచ్చాక మాట్లాడుకున్నాం. చేతులు మానేదాకా చెల్లి పిక్కల జోలికి వెళ్లదు. రేపు తమ్ముడే ఆసుపత్రికి తీసుకెళ్తాడు. మరక మీద అతుకు వేసేద్దామని చెల్లి ఒకటే పోరు. “సిన్నప్పుడు నా ఈపు మీద పడిన సెయ్యే కదేటి, నా మనవడి మీదా ఉండనీ” అన్నాడు తమ్ముడు. అతుకు వెయ్యడం లేదు.