సుందరాబాయి ఊరుకున్న గురువారం

మరాఠీ ఊళ్లో తెలుగు నేతపనివాళ్ల పేట నీలం నగర్‌లో సుందరాబాయి నోరంటే అందరికీ హడలే. చేట ముందేసుకుని బీడీలు చుడుతూనే దారిన పోయే ప్రతివాడికీ జవాబు చెప్పగలదు. తమ్ముడు సిద్ధరాములుకు పుట్టుకతోనే వినపడదు. నలభై ఏళ్లుగా అతని బదులు కూడా ఆమే చెబుతోంది. అతనికేం కావాలో, ఎవరిమీద కోపమో, అన్నీ తనకే ఎరుకని ఆమె నమ్మకం.

సిద్ధరాములు భార్య యశోదకూ వినపడదు. బధిరుల బడిలో ఇద్దరూ కలిసి చదువుకున్నారు. చేతులతో మాట్లాడుకుంటూ వాళ్లు పడీ పడీ నవ్వుతుంటే "ఏందిరా గంత నవ్వు?" అని సుందరాబాయి విసుక్కునేది. ఆ చేతి మాటలు నేర్చుకోవాలని మాత్రం ఎన్నడూ తోచలేదు మహాతల్లికి! తిను, పడుకో, రా అనే మూడు సైగలతో ఇల్లు నెట్టుకొచ్చింది.

ఏడు నెలల క్రితం యశోద జ్వరంతో పోయింది. సిద్ధరాములు తిండి మానేశాడు. టవళ్ల కార్ఖానాకు పోయి మగ్గం ముందు ఊరికే నిలబడేవాడు. చివరికి అక్క అతణ్ని దవాఖానాలో మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. పక్క మగ్గం రాజారాంను కూడా వెంటబెట్టుకుంది. మగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి కార్ఖానాలో అందరూ చేతులతోనే చెప్పుకుంటారు. ఇంతకంటే మంచి దుబాసీ ఎవరని ఆమె ధీమా.

"మనసులో ఏముందో అడుగు" అన్నాడు డాక్టరు.

రాజారాం చెయ్యెత్తి, గాలిలోనే ఆపేశాడు. "పోగు తెగింది, కండెల నూలు అయిపోయింది, సేఠ్ వస్తుండు, చాయ్ తాగుదాం. మా కార్ఖానల గివే ఉంటయి సాబ్. మనసుకు సైగ లేదు."

"నన్నడుగుండ్రి" అని సుందరాబాయి అందుకుంది. "అంత మంచిగనే ఉన్నడు. జర తింటలేడు, గంతే."

సిద్ధరాములు గోడవైపు తిరిగిపోయాడు. డాక్టరు అది గమనించాడు. సైగల భాష తెలిసిన ఋతుజ అనే కౌన్సెలర్ గురువారం వస్తుందని, అప్పుడు తప్పకుండా రమ్మని చెప్పాడు.

ఆ గురువారం ఋతుజ మొదట చేసిన పని సుందరాబాయిని బయట కూర్చోమనడం. ఆమెకు ఒళ్లు మండింది. "నా తమ్ముని సంగతి నాకన్న ఈమెకెక్కువ ఎర్కనా?" అని గొణుక్కుంటూ బెంచీ మీద కూలబడింది. తలుపు అద్దంలోంచి చూస్తే తమ్ముడి చేతులు ఆగకుండా కదులుతున్నాయి. ఏడుస్తున్నాడు కూడా. యశోద పోయాక అతను అంతసేపు మాట్లాడటం ఆమె చూడలేదు.

గంట తర్వాత ఋతుజ లోపలికి పిలిచి, మరాఠీలో మెల్లగా చెప్పింది. "మీకు చెప్పమన్నాడు కాబట్టే చెబుతున్నా పిన్నీ. బతకాలని లేదట. మాట్లాడే మనిషి లేని ఇంట్లో ఉండలేకపోతున్నాడట. దీనికి వైద్యం ఉంది. నేనూ ప్రతి వారం వస్తా. అందాకా ఒంటరిగా వదలకండి."

"మంచిగున్నడు, మంచిగున్నడు అనుకుంట చేతులార చంపుకుంటుంటి బిడ్డా!" అని సుందరాబాయి నోట్లో కొంగు కుక్కుకుంది.

మందులు మొదలయ్యాయి. ప్రతి గురువారం చివర్లో ఋతుజ ఆమెకూ కొన్ని సైగలు నేర్పేది. బీడీలు చుట్టి మొద్దుబారిన వేళ్లను తిట్టుకుంటూనే నేర్చింది. తప్పుగా చూపిస్తే సిద్ధరాములు ఆ వేళ్లు పట్టుకుని సరిచేసేవాడు.

రెండు నెలలకు ఒక గురువారం డాక్టరు అడిగాడు, నిద్ర పడుతోందా అని.

"మంచిగనే..." అనబోయి సుందరాబాయి నాలుక కరుచుకుంది. తమ్ముడి వైపు తిరిగి, తడబడే చేతులతో అడిగింది. అతను బదులిచ్చాడు. మళ్లీ ఒకసారి నెమ్మదిగా చూపించమంది.

"నిన్న పట్టలేదట సాబ్. యశోద యాదికొచ్చిందట."

తన తరఫున ఒక్క మాట కూడా కలపలేదు.