ఓబుళమ్మత్త కట్టిన పాట

ఎండు శెనక్కాయ చిట్లినప్పుడు లేచే ఆ మట్టి దుమ్ము వాసన ఎవరికైనా ఆకలి పుట్టిస్తుంది. నాకు మాత్రం, యాభై దాటిన ఈ వయసులో కూడా, ఒళ్లు మండుతుంది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఫాల్గుణం ఎండలకు ఎర్రనేల సెగలు కక్కుతుంటే, విత్తనాలకని కాయలు ఒలుస్తూ ఆడవాళ్లంతా మా వసారాలో కూర్చునేవాళ్లు. వాళ్ల వేళ్ల కొసలు బొబ్బలెక్కేవి, ఒళ్లో పొట్టు గుట్టపడేది, మధ్యలో మా మేనత్త ఓబుళమ్మ ఏదో ఒక పాట కట్టి అందరినీ నవ్వించేది. ఆ ఏడు ఉగాదికి ఊళ్లో నాటకం ఆడాలని మా నాయనావాళ్లు ఉరవకొండ వైపు నుంచి ఒక హార్మోనియం మాస్టరును పిలిపించి, మా ఇంట్లోనే పాటలు నేర్పించుకునేవారు. గొర్రెలకాపరి ఒకడు మగ్గం నేసే పిల్లను పెండ్లాడమని బతిమాలే ఘట్టానికి నవ్వు పుట్టించే పాట కుదరక మాస్టరు తంటాలు పడుతుంటే, వసారాలోంచి అత్త గొంతు వినిపించింది.

"ముదిగుబ్బ సంతలో మూడు గొర్రెలమ్మి
ముక్కుపుడక తెస్తానే, మొగమిట్ల తిప్పవే"

మాస్టరు బయటికొచ్చి, మొత్తం పాడించుకుని కాగితమ్మీద రాసుకున్నాడు. పిల్ల ఇచ్చే జవాబు మాత్రం కొట్టేశాడు. మగవాడు ఓడిపోతే జనం ఒప్పరట.

ఉగాది మధ్యాహ్నం బడి ముందర పందిట్లో జనం విరగబడి నవ్వి, ఆ పాటను మూడుసార్లు పాడించుకున్నారు. అది తానే కట్టానని చెప్పుకుని మాస్టరు మెడలో దండ వేయించుకున్నాడు. నెయ్యి కారే ఓళిగలు తట్టలో పెట్టుకుని పంచుతున్న అత్త అక్కడే నిలబడిపోయింది. ఇంటికొచ్చాక, ఆ పాట తనదని ఊళ్లో చెప్పమని నాయనను అడిగింది. ఆయన తలెత్తలేదు.

"పెండ్లి కావాల్సిన పిల్ల మొగోళ్ల సరసం మింద పాట కట్టిందని ఊరంతా చాటమంటావా? గమ్మునుండు."

అత్త గమ్మునే ఉంది. ఆ తర్వాత మా వసారాలో కాయలు ఒలిచే చప్పుడే గానీ పాట లేదు. నాయన మంచివాడని అందరూ అంటారు, నేనూ చాలాసార్లు అన్నాను. ఆ ఒక్క మాటకు మాత్రం ఆయన్ను ఇప్పటికీ క్షమించలేదు.

ఈమధ్య అనంతపురంలో మా పాప కాలేజీ వార్షికోత్సవంలో ఇద్దరు పిల్లలు అదే పాట ఆడిపాడారు. రచన అంటూ మాస్టరు పేరు చదివారు. నేను వేదిక వెనక్కి వెళ్లి, అది మా అత్త పాట అని చెబితే, నిర్వాహకుడు ఎంతో మర్యాదగా, ఆధారమేమన్నా ఉందా మేడమ్ అన్నాడు. నేనేమన్నానో ఇక్కడ రాయను. మా పాప వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ వార్షికోత్సవం మరునాడే బస్సెక్కి ముదిగుబ్బలో ఉంటున్న అత్త దగ్గరికి పోయాను. మాస్టరు కొట్టేసిన ఆ పిల్ల జవాబునైనా రికార్డు చేసుకుందామని ఫోన్ ముందు పెట్టాను. అరవై దాటిన అత్త కాసేపు పెదవులు కదిపి, రెండు పాదాలు పాడింది.

"ముక్కుపుడక సరేగానీ మూడు దినాలాయ
మొగం కడిగి నువ్వు, ముందు నీళ్లు చూడప్పా"

ఇద్దరం నవ్వాం. ఇంకా మూడు చరణాలు ఉండేవి, ఆ పిల్ల వాణ్ణి ఒక ఆట ఆడించేది. మిగతాది పాడమన్నాను.

"ఇంగ యాడుండాది పాపా? పాడనిచ్చింటే గదా మతికుండేకి" అంది అత్త.