పదకొండు రోజులు నా సంచిలో ఉన్న కాగితం

సాయం కోసం ఒక మనిషి మీ ముందు నిలబడితే, ఆ సాయాన్ని గుప్పిట్లో పట్టుకుని "ముందు నీ నమ్మకం వదులు" అని మీరెప్పుడైనా బేరం పెట్టారా? నేను పెట్టాను. ఐదేళ్లయింది. ఎవరికీ చెప్పలేదు. మూఢనమ్మకాల మీద ఇన్నేళ్లు సభల్లో గొంతు చించుకున్నవాడికి, ఈ ఒక్కటి చెప్పడానికి గొంతు పెగల్లేదు.

నేను సైన్సు మాస్టారిని. ఉండేది మదనపల్లె. అప్పట్లో పుంగనూరు దగ్గరి బడిలో పని. సెలవు రోజుల్లో సంచి భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాణ్ణి. కత్తికి మందు పూసి నిమ్మకాయ కోస్తే ఎర్రటి రసం కారుతుంది. ఇది చేతబడి కాదు, రసాయనం అని చూపించేవాణ్ణి. "దీనికీ దానికీ ఏం సంబంధం? అడగండి. ఎవరినైనా అడగండి." ప్రతి సభలో నా చివరి మాట అదే. చప్పట్లు మోగేవి. ఆ చప్పట్లంటే నాకు ఎంత ఇష్టమో అప్పుడు తెలియలేదు.

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె రెడ్డెమ్మ. భర్త మునెప్ప మండీలో టమోటా పెట్టెలు మోసేవాడు. అతనికి సుగర్. పాదానికి పుండు పడి మానలేదు. కుప్పంలో పెద్దాసుపత్రికి వెళితే, చెడిన కండ వెంటనే తీసేస్తే పాదం దక్కవచ్చని చెప్పారు. ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య కార్డు ఉంటే పైసా కట్టనక్కర్లేదు. రెడ్డెమ్మకు కార్డు ఉంది. అందులో ఆమె పేరుంది, కూతురి పేరుంది. మునెప్ప పేరు లేదు.

అది వెంకటగిరికోటలో, అతని అన్న కార్డులోనే ఉండిపోయింది. పెళ్లయ్యాక అక్కడ తీయించి ఇక్కడ చేర్పించాలని ఎవరికీ తోచలేదు. ఆ అన్న కొడుక్కి ప్రభుత్వ ఉద్యోగం రావడంతో ఆ ఇంటికి ఉచిత వైద్యం అర్హత పోయింది. అంటే మునెప్ప అక్కడా లేడు, ఇక్కడా లేడు. పేరు ఎక్కించుకుని రండి, లేదంటే డబ్బు కట్టి చేరండి అన్నారు ఆసుపత్రిలో. డబ్బు ఎక్కడిది? అన్నదమ్ములకు మాటల్లేవు. రెడ్డెమ్మే కోటకు వెళ్లి, బతిమాలి, పేరు తీసేయడానికి ఒప్పుకుంటున్నట్టు బావ చేత సంతకం పెట్టించుకొచ్చింది. ఆ కాగితాన్నీ ఆధార్ నకళ్లనూ నా చేతిలో పెట్టింది. దరఖాస్తు రాసి గ్రామ సచివాలయంలో ఇవ్వాలి. ఊళ్లో అందరికీ ఆ పని చేసిపెట్టేది నేనే.

ఆ సాయంత్రం మునెప్పను చూడటానికి వెళ్లాను. పుండుకు జానెడు పైన, నల్లదారంతో తాయెత్తు.

నాకు ఒళ్లు మండింది. నా బడిలో వండే మనిషి ఇంట్లోనా? ఇన్నేళ్లు నా మాటలు విన్న మనిషి ఇంట్లోనా? మండింది అతని కాలు చూసి కాదు, నా పరువు చూసుకుని. అప్పుడు మాత్రం దాన్ని సిద్ధాంతం అనుకున్నాను.

మర్నాడు వంటగది దగ్గర రెడ్డెమ్మ అడిగింది.

"సార్, ఆ కాగితం ఇచ్చేసినారా?"

"ముందు ఆ తాయెత్తు తీయించు. తీసిన రోజే ఇస్తాను."

తమాషాకు అంటున్నాననుకుని నవ్వింది. "నిమ్మకాయలో రగతం తెప్పిస్తారే సార్, కార్డులో ఒక పేరు తెప్పించలేరా?"

నేను నవ్వలేదు. ఆమె గరిటె పక్కన పెట్టింది.

"అది పుండుకు కట్టింది కాదు సార్. సుగర్ అని తెలిసినప్పుడు మా అత్త కట్టింది. ఆయమ్మ పోయి ఏడాది గూడా కాలా. ఆయప్ప దాన్ని తియ్యనీడు. దారమే గదా, దాని పాటికది ఉంటాది. తాయెత్తుకూ కాగితానికీ ఏం సంబంధం సార్?"

ఏం సంబంధం? నా ప్రశ్నే. ఆ రోజు ఆ వంటగదిలో హేతువాది ఆమె. నేను కాదు. అది నాకు ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసీ, "చెప్పింది చెయ్యి" అని వచ్చేశాను.

రెండు రోజుల్లో దిగివస్తుందనుకున్నాను. తర్వాత బైరెడ్డిపల్లెలో సభ, బి.కొత్తకోటలో సభ. కాగితం నా సంచిలో నిమ్మకాయల పక్కనే తిరిగింది. రెడ్డెమ్మ మళ్లీ అడగలేదు. పిల్లలకు అన్నం పెడుతూ నా వైపు చూసేది. నేను పుస్తకంలోకి చూసేవాణ్ణి. మరిచిపోయానని చెప్పుకోవచ్చు. కానీ మరిచిపోయినవాడు చూపు తిప్పుకుంటాడా?

పదకొండో రోజు ఆమె తాయెత్తు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మునెప్పకు జ్వరం వచ్చిందని, తానే తెంపి ఇచ్చాడని చెప్పింది. నేను గెలిచాను. కాగితం బయటికి తీస్తే ఒక మూల నిమ్మకాయ మందు మరక పడి ఉంది. ఆమె ఆ మరకను చూసింది.

దరఖాస్తు ఇచ్చిన నాలుగో రోజుకు పేరు ఎక్కింది. కుప్పంలో చేర్చుకున్నారు. అప్పటికి చీము పైకి పాకింది. మోకాలి కింద కాలు తీసేశారు. కార్డు ఉంది కాబట్టి పైసా ఖర్చు కాలేదు.

ఆ పదకొండు రోజులు ముందే వెళ్లి ఉంటే పాదం దక్కేదా? సుగర్ పుండు, ఎవరు చెప్పగలరు? ఈ అనుమానాన్నే నేను ఇన్నాళ్లూ తాయెత్తులా కట్టుకుని తిరిగాను.

ఇంతవరకైతే తప్పు అందాం. తర్వాత చేసినదాన్ని ఏమనాలో నాకు తెలియదు. కుప్పం సభలో నా నోటి వెంట ఒక కథ వచ్చింది: "తాయెత్తును నమ్మి కాలు పోగొట్టుకున్న ఒక కూలీ." పేరు చెప్పలేదు. హాలు కదిలిపోయింది. ఆ తర్వాత ప్రతిచోటా చెప్పాను. ఒక వ్యాసంలోనూ రాశాను. తాయెత్తుకు నోరు లేదు, అది కాదనలేదు.

ఒకసారి మా బడి ఆవరణలోనే సభ. అంతా వెళ్లాక రెడ్డెమ్మ గ్లాసులు ఏరుతూ నా దగ్గర ఆగింది.

"మా ఆయప్ప మాదిరే ఇంకొకాయన గూడా ఉండాడా సార్? పాపం. ఆయప్పకు కార్డు లేదా?"

"లేదు," అన్నాను.

తాయెత్తు పుండు మాన్పదు. ఆ మాట మీద ఇవాళా నిలబడతాను. కానీ మునెప్ప వైద్యానికి అడ్డుపడింది తాయెత్తు కాదు, నేను. ఇది రెడ్డెమ్మకు చెప్పానా అని అడుగుతారు. ఇంకా లేదు. మీకు చెప్పడం సులువు, మీ ఇంట్లో ఎవరి కాలూ పోలేదు. రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. అంతకు మించి నాకు రావలసింది ఏమీ లేదు.

మీరు మాత్రం ఒక పని చేయండి. మీ ఇంటి కార్డు తీసి, ఇంట్లో ఉన్న ప్రతి మనిషి పేరూ అందులో ఉందో లేదో ఇవాళే చూడండి. లేకపోతే జబ్బు వచ్చేదాకా ఆగకండి, సచివాలయానికి వెళ్లండి. నాలాంటి పెద్దమనిషి చేతికి మాత్రం కాగితాలు ఇవ్వకండి, మీరే ఇచ్చి రసీదు తీసుకోండి. ఇక ఎవరి కాగితమైనా మీ సంచిలోనో, మీ బల్ల సొరుగులోనో ఉందా? వాళ్లు మీకు నచ్చినా నచ్చకపోయినా, మెడలో ఏం కట్టుకున్నా, ఎవరికి మొక్కినా సరే. లేవండి. ఇచ్చి రండి.